దొరల కళ్లతో ఆఫ్రికా: లుగార్డ్ రాతలు చదివాక మిగిలిన సందేహాలు

గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. నైజీరియాను ఏలిన ఫ్రెడరిక్ లుగార్డ్ 1922లో అచ్చు వేయించిన పెద్ద గ్రంథాన్ని ఈ మధ్య రెండు నెలలు పట్టి చదివాను. ఆయన 1858లో మన మద్రాసులో, సెయింట్ జార్జి కోటలోనే పుట్టారని తెలిసి కుతూహలం కొద్దీ మొదలుపెట్టిన చదువు అది. బ్రిటిషు సైన్యంలో చేరి అఫ్గాన్, బర్మా యుద్ధాలు చూసిన మనిషి తరువాత న్యాసా సరస్సుకూ, ఉగాండాకూ, చివరికి 1900లో ఉత్తర నైజీరియాకు హైకమిషనరుగానూ వెళ్లారు. నడుమ కొన్నేళ్లు హాంకాంగ్ గవర్నరుగా ఉండి 1912లో మళ్లీ నైజీరియాకు తిరిగివచ్చారు.

ఆ పుస్తకంలో ఒకచోట సగటు ఆఫ్రికన్ స్వభావాన్ని వర్ణిస్తూ, అతడు ఎప్పుడూ సంతోషంగా ఉంటాడని, రేపటి ఆలోచన లేనివాడని, నిగ్రహం తక్కువని, ధైర్యమూ మర్యాదా పుట్టుకతోనే వచ్చాయని, సంగీతమంటే ఇష్టమని, నిజం చెప్పాలన్న పట్టింపు మాత్రం అంతగా లేదని ఒక్క గుక్కలో రాసుకుపోతారు. చదువుతుంటే మాస్టారు పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద రాసిన మాటల్లా అనిపించాయి. అయితే అదే మనిషి ఉత్తరాది ఎమీర్ల, అంటే అక్కడి ముస్లిం పాలకుల గురించి రాసేటప్పుడు కలం తీరు మారిపోతుంది. వాళ్లు పాలించడానికే పుట్టినవాళ్లంటారు. లాగోసులో న్యాయవాద వృత్తి చేసే, పత్రికలు నడిపే చదువుకున్న ఆఫ్రికన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిరాకు దాచుకోలేరు.

నా సందేహాలు రెండు. ఈ అభిప్రాయాలు ఆ కాలపు తెల్లవారందరికీ ఉన్న మామూలు జాత్యహంకారమేనా, లేక పాలన అవసరాల కొద్దీ పుట్టినవా? అధికారులందరూ ఒకే తీరుగా చూశారా, లేక వాళ్లలో వాళ్లకు చెప్పుకోదగ్గ తేడాలు ఉన్నాయా?

పాతకచేరీ:

గోదారిగట్టు గారూ, మీ మొదటి సందేహానికి నాకు తోచిన సమాధానం కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

లుగార్డ్ ఉత్తర నైజీరియాకు వెళ్లినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి కొద్ది వేలమంది సైనికులు, వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ తెల్ల అధికారులు, లండను ఖజానా నుంచి పిసినారితనంగా వచ్చే డబ్బు. ఎదురుగా ఉన్నది 19వ శతాబ్ది తొలినాళ్లలో ఉస్మాన్ దాన్ ఫోదియో స్థాపించిన సొకోటో ఖిలాఫత్. దానికి ఖాజీ న్యాయస్థానాలు, పన్ను వసూలు యంత్రాంగం, అరబ్బీలో రాతకోతలు అన్నీ ఉన్నాయి. 1903లో కానో, సొకోటో రెండూ బ్రిటిషువారి వశమయ్యాయి. తప్పించుకుపోయిన ఖలీఫా అత్తాహిరు అదే ఏడాది బుర్మి దగ్గర పోరాడుతూ చనిపోయారు. అంత పెద్ద దేశాన్ని నేరుగా పాలించడానికి మనుషులు లేరు కనుక ఉన్న ఎమీర్లనే గద్దెల మీద కూర్చోబెట్టి, పక్కన ఒక రెసిడెంటును పెట్టారు. ఈ ఏర్పాటు మనకు కొత్తది కాదు. నిజాం దివాణం పక్కనే, హైదరాబాదు కోఠీలో బ్రిటిషు రెసిడెంటు ఉండేవాడు. పదవి పేరుతో సహా ఆ పద్ధతి భారతదేశపు సంస్థానాల నుంచి ఆఫ్రికాకు వెళ్లింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎమీర్లను గద్దె మీద ఉంచక తప్పని అవసరం ముందు వచ్చింది, వాళ్లు పుట్టు పాలకులన్న సిద్ధాంతం తరువాత గట్టిపడింది. 1906లో సొకోటో దగ్గర సాటిరు అనే పల్లెలో తిరుగుబాటు జరిగి ముగ్గురు తెల్లవారు చనిపోయినప్పుడు, సొకోటో సుల్తాను బ్రిటిషువారి వైపే నిలిచాడు. తరువాత వచ్చిన దండు ఆ పల్లెను నేలమట్టం చేసింది. చనిపోయినవాళ్లు రెండు వేలమంది దాకా ఉంటారని చరిత్రకారులు చెబుతారు. ఆ ఘటన తరువాత అధికారుల రాతల్లో ఎమీర్లైన ఫులానీ దొరల మర్యాద, గాంభీర్యం, విశ్వాసపాత్రత గురించిన పొగడ్తలు మరింత పెరిగాయి. చనిపోయిన పేదరైతులు, పారిపోయివచ్చిన బానిసలు ఆ రాతల్లో మతోన్మాదుల గుంపుగా మిగిలిపోయారు.

లాగోసు వకీలు మీద చిరాకుకు కారణం కూడా దీనిలోనే ఉంది. ఎమీరు రెసిడెంటుతో గౌరవంగా మాట్లాడి అతడు చెప్పినట్టు చేస్తాడు. వకీలేమో ఇంగ్లండు చట్టాన్నే తెరిచి, అందులో ఉన్న హక్కు తనకెందుకు లేదని అడుగుతాడు. పాలించేవాడికి ఈ ఇద్దరిలో ఎవరు నచ్చుతారో చెప్పాలా?

ఉప్పాడతీరం:

పాతకచేరీ గారి విశ్లేషణతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని మనవి. స్థానిక భాషలు నేర్చుకుని, వ్యాకరణాలూ నిఘంటువులూ కూర్చి, సామెతలూ కథలూ సేకరించినవాళ్లు ఆ అధికారులలోనే ఉన్నారు. గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, రాట్రే అనే అధికారి ఉండేవారు. 1900లో గవర్నర్ హాడ్జ్‌సన్ అసాంటే రాజ్యపు రాజధాని కుమాసీకి వెళ్లి, అసాంటేల బంగారు పీఠాన్ని తాను కూర్చోవడానికి తెమ్మని నిండు సభలో అడిగాడు. ఆ పీఠం మీద వాళ్ల రాజు కూడా కూర్చోడు. అది ఆ జాతి ఆత్మకు ఆలవాలమని వాళ్ల నమ్మకం. ఆ ఒక్క మాటతో యా అసాంతెవా అనే రాజమాత నాయకత్వంలో యుద్ధం మొదలైంది. ఇరవై ఏళ్ల తరువాత, 1921లో, దాచిన పీఠం రోడ్డు పనివాళ్లకు దొరికినప్పుడు దాని అర్థమేమిటో రాట్రే ప్రభుత్వానికి వివరించారు. ఈసారి ప్రభుత్వం దాని జోలికి పోనని మాట ఇచ్చింది. హాడ్జ్‌సన్‌కూ రాట్రేకూ మధ్య ఉన్న ఈ తేడాను మనం లెక్కలోకి తీసుకోవద్దా?

నల్లరేగడి:

తీసుకోవలసిందే, కానీ ఆ తేడా ఎంతవరకు అన్నది చూడాలి. 1921లో రాట్రేకు ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగం పేరే ప్రభుత్వ మానవశాస్త్రవేత్త. తెలుసుకోవడం పాలనలో ఒక శాఖ అయింది. అసాంటేలతో మళ్లీ యుద్ధం రాకుండా ఖర్చు తప్పించింది కూడా ఆ తెలివిడే. ఇది రాట్రేను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. నాకు ఆయన రాతల్లో అన్నిటికన్నా విలువైనది ఆయన ఒప్పుకున్న ఒక లోపం. అన్నేళ్లు అక్కడ ఉండి కూడా అసాంటే సమాజంలో రాజమాతకు అంత పెద్ద స్థానం ఉందని తనకు తెలియలేదని గ్రహించి, ఇంతకాలం ఎందుకు చెప్పలేదని ఆయన పెద్దవాళ్లను అడిగారు. మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు కదా, మీరు మగవాళ్లతోనే వ్యవహరిస్తారు, మీ దృష్టిలో ఆడవాళ్లకు లెక్క లేదేమో అనుకున్నాం అన్నది వాళ్ల జవాబు సారాంశం.

1900లో తెల్లవారి మీద యుద్ధం నడిపించింది ఒక రాజమాత అని గుర్తుంచుకుని ఆ జవాబును మళ్లీ చదవండి. కోట చుట్టూ ముట్టడి వేసిన స్త్రీని చూశాక కూడా, ఆ పదవి గురించి అడగాలని ఇరవై ఏళ్ల పాటు ఏ అధికారికీ తోచలేదు.

కుంకుడుచెట్టు:

నల్లరేగడి గారి మాట పట్టుకుని 1929 నాటి సంగతి చెబుతాను, ఎందుకంటే అడగకపోవడం వల్ల మనుషుల ప్రాణాలు ఎలా పోయాయో దానికి మించిన దృష్టాంతం నాకు తెలియదు.

నైజీరియా ఆగ్నేయంలోని ఇగ్బో ప్రాంతంలో చాలాచోట్ల రాజులు లేరు. ఊరి వ్యవహారాలు వంశపెద్దలు, ఒకే వయసువాళ్ల బృందాలు, సంతలు, ఆడవాళ్ల సంఘాలు కలిసి తేల్చుకునేవి. ఒక గద్దె, దాని మీద ఒక మనిషి లేకపోతే అది సమాజమే కాదని, అరాచకమని అధికారులు అనుకున్నారు. అందుకని ఊరికొకణ్ణి ఎంచి, చేతికి వారంటు కాగితం ఇచ్చి, న్యాయస్థానంలో కూర్చోబెట్టారు. అలా పుట్టినవాళ్లను వారంటు చీఫులు అన్నారు. చాలామంది ఊరివాళ్ల దృష్టిలో ఊరూ పేరూ లేనివాళ్లు. పంపకాలలో, పెళ్లి తగాదాలలో లంచాలు మరిగి కాగితం అండతో ఊరిమీద పడ్డారు. మన ఊళ్లలో మునసబు చేసిన పెత్తనం మీరు వినే ఉంటారు. కానీ మునసబుకు తాతముత్తాతల నుంచి వచ్చిన పదవి అనే పేరైనా ఉండేది.

1926లో మగవాళ్ల లెక్క రాశారు, 1928లో వాళ్ల మీద పన్ను వేశారు. 1929 నవంబరులో ఒలోకో అనే ఊళ్లో వారంటు చీఫు ఒకుగో పంపిన బడిపంతులు, పామాయిల్ తీసుకుంటున్న న్వాన్యెరువా అనే వితంతువు ఇంటికి వెళ్లి, మేకలెన్ని, గొర్రెలెన్ని, ఇంట్లో మనుషులెందరు అని అడిగాడు. మీ అమ్మను కూడా లెక్కపెట్టారా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఇద్దరూ కలబడ్డారు. ఆమె సంతకు పోయి, అక్కడ సమావేశమైన ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు తాటాకుల్లాంటి పామ్ మట్టలు చేతికిచ్చి చుట్టుపక్కల ఊళ్లకు కబురు పంపారు. కొద్ది వారాల్లో వేలమంది స్త్రీలు కదిలారు.

ఇప్పుడు దొరలు చూసినదేమిటో, నిజంగా జరిగినదేమిటో పక్కపక్కన పెట్టుకుందాం. ఇగ్బో స్త్రీలకు మగవాడి మీద కూర్చోవడం అనే ఆచారం ఒకటి ఉంది. పెళ్లాన్ని కొట్టినవాడి ఇంటికో, సంత కట్టుబాటు తప్పినవాడి ఇంటికో ఆడవాళ్లందరూ కలిసి వెళ్లి, అతణ్ణి ఎగతాళి చేసే పాటలు పాడుతూ, ఆడుతూ, రోకళ్లతో గోడలు బాదుతూ, అతడు తప్పు ఒప్పుకునేదాకా కదలరు. అది ఒక శిక్ష. దానికి పద్ధతి ఉంది, హద్దు ఉంది, ఎప్పుడు ఆగాలో అందరికీ తెలుసు. ఒకుగో ఇంటిముందు జరిగింది అదే. అతని అధికారపు టోపీ లాక్కుని, అతడు పదవి వదిలేదాకా కూర్చున్నారు. చివరికి ప్రభుత్వమే అతణ్ణి తప్పించి జైలుకు పంపింది. అదే శిక్షను స్త్రీలు వారంటు న్యాయస్థానాల మీదా, కంపెనీల దుకాణాల మీదా అమలు చేయగా, అధికారులకు ఉన్మాదంతో ఊగుతున్న మూక కనిపించింది. డిసెంబరులో చాలాచోట్ల సైనికులు కాల్పులు జరిపారు. యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. ఆడవాళ్లను కాల్చరన్న నమ్మకంతోనే వాళ్లు ముందువరుసలో నిలబడ్డారు.

ప్రభుత్వ రికార్డులో దీని పేరు ఆబా అల్లర్లు. ఇగ్బోలో దీని పేరు ఓగు ఉమున్వాన్యి, అంటే స్త్రీల యుద్ధం. ఆ తరువాతే వారంటు పద్ధతిని తీసేసి, అసలు ఇగ్బో సమాజం ఎలా నడుస్తుందో తెలుసుకు రమ్మని అధికారులనూ, మానవశాస్త్రజ్ఞులనూ పల్లెలకు పంపారు. ఆ పరిశోధకులలో ఇద్దరు స్త్రీలు కూడా ఉన్నారు. ముప్పై ఏళ్ల పాలన తరువాత వచ్చిన మొదటి ప్రశ్న అది.

గోదారిగట్టు:

కుంకుడుచెట్టు గారూ, మీ అమ్మను లెక్కపెట్టారా అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో మనుషుల్ని, గొడ్లను లెక్కపెడితే అరిష్టమనే మాట మా అమ్మమ్మ కూడా అనేది. ఆ సంకోచాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

రైలుకట్ట:

అధికారుల చూపు ప్రాణాంతకమైన ఉదాహరణ రువాండాలో ఇంకా స్పష్టంగా ఉంది. హుటు, టుట్సీ అనే రెండు జాతులను బెల్జియం వాళ్లే పుట్టించారు. 1930లలో కార్డులు ఇచ్చారు. 1994లో ఆ కార్డులు చూసే రోడ్ల మీద జనాన్ని నరికారు. మొత్తం కథ ఇంతే.

పాతకచేరీ:

రైలుకట్ట గారూ, మీ ఆవేదన సరైనదే కానీ, పుట్టించారు అన్న మాట సరికాదు. హుటు, టుట్సీ అనే పేర్లు యూరోపియన్లు రాకముందే ఉన్నాయి. 19వ శతాబ్ది చివర ర్వాబుగిరి రాజు కాలంలో భూమి కోసం చేయవలసిన వెట్టి హుటుల మీదనే పడి, ఆ విభజన అప్పటికే కరుడుగట్టడం మొదలైంది. అయితే గొడ్ల సంపద, రాజాస్థానంతో సంబంధం, పుట్టుక ఇవన్నీ కలగలిసిన హోదాలవి. ఒకే భాష, ఒకే దేవుడు, ఒకే వంశనామాలు ఇద్దరికీ ఉండేవి.

దొరలు చేసినది ఆ హోదాకు జాతి అనే రక్తం ఎక్కించడం. దీనికి మూలపురుషుడు స్పీక్ అనే అన్వేషకుడు. ఈయన కూడా భారతదేశంలో, బెంగాల్ పదాతి దళంలో పనిచేసినవాడే. సరస్సుల ప్రాంతంలో వ్యవస్థీకృతమైన రాజ్యాలు చూసి, నల్లవాళ్లు ఇంతటి పని చేయగలరా అన్న అనుమానంతో, ఈ రాజవంశాలు అబిసీనియా (నేటి ఇథియోపియా) వైపు నుంచి వచ్చిన వేరే జాతి అయివుంటాయని 1863లో రాశాడు. బైబిల్లోని హామ్ పేరు మీద పెరిగిన హామిటిక్ సిద్ధాంతం అదే. ముందు జర్మన్లు, తరువాత బెల్జియన్లు పొడవైన టుట్సీలలో తమకు దూరపు చుట్టాలను చూసుకున్నారు. బడుల్లో, పదవుల్లో టుట్సీలకు పెద్దపీట వేశారు. హుటు చీఫులను తొలగించారు. తమ మాట వినని ముసింగా రాజునే 1931లో గద్దె దింపి కొడుకును కూర్చోబెట్టారు. ఆ తరువాత జనాభా నమోదు చేసి, గుర్తింపు కార్డు మీద జాతి రాశారు. అంతకుముందు ఆవులు సంపాదించిన హుటు తరాల మీద టుట్సీ కావడానికి దారి ఉండేది. కార్డు మీద అచ్చు పడ్డాక ఆ దారి మూసుకుపోయింది. తండ్రి కార్డులో ఉన్నది కొడుకుకు వచ్చింది.

రైలుకట్ట:

సవరణకు కృతజ్ఞతలు. ఆవేశంలో రాశాను. వెట్టి సంగతి నాకు తెలియదు.

శిలాశాసనం:

నల్లవాళ్లు ఇంతటి పని చేయగలరా అన్న అనుమానం రాళ్ల మీదా కంచు మీదా కూడా పడింది. గ్రేట్ జింబాబ్వే శిథిలాలను 1871లో చూసిన జర్మన్ యాత్రికుడు మౌఖ్ అది షేబా రాణి కట్టించిన భవనం అన్నాడు. సిసిల్ రోడ్స్ కంపెనీ అండతో వెళ్లిన బెంట్ అక్కడ ఫినీషియన్లనూ అరబ్బులనూ వెతికాడు. 1902లో ఆ స్థలానికి సంరక్షకుడిగా నియమించిన హాల్ అనే ఆయన, ఆఫ్రికన్లు తరువాత వచ్చి పోసిన చెత్త అంటూ, అడుగుల లోతు మట్టిపొరలను తవ్వి పారబోయించాడు. ఆ పొరలలోనే కట్టినవాళ్ల ఆనవాళ్లు ఉన్నాయి. పురావస్తు తవ్వకాలతో కొంచెం పరిచయం ఉన్నవాడిగా చెబుతున్నాను, దీనికన్నా ఆ స్థలాన్ని తగలబెట్టినా నష్టం తక్కువే జరిగేది. 1905లో రాండల్ మెక్ఐవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థామ్సన్ తవ్వి చూసి, ఇది ఆఫ్రికన్లే కట్టిన మధ్యయుగపు నిర్మాణమని తేల్చారు. అయినా 1970ల దాకా రొడీషియా (నేటి జింబాబ్వే) తెల్లవారి ప్రభుత్వానికి ఆ మాట మింగుడుపడలేదు. దేశం తమదని చెప్పుకోవడానికి ముందున్న కట్టడాలు వేరెవరివో కావాలి మరి.

నేటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యం కథ వేరు. తాత్కాలిక కాన్సల్ జనరల్ ఫిలిప్స్ అక్కడి ఓబాను, అంటే రాజును, గద్దె దింపడానికి 1896లోనే అనుమతి అడుగుతూ, ఖర్చుకు ఓబా ఇంట్లో సరిపడా దంతం దొరుకుతుందని ఆశ చూపించాడు. 1897 జనవరిలో, రావద్దన్న కబురు వినకుండా వెళ్లి, దారిలో చనిపోయాడు. ఫిబ్రవరిలో దండు వెళ్లి నగరాన్ని పట్టుకుంది, నగరం తగలబడింది, వేలకొద్దీ కంచు, దంతపు శిల్పాలు ఓడలెక్కాయి. నరబలుల నగరమని పత్రికలలో రాసినవాళ్లకు ఆ శిల్పాలు ఎదురైనప్పుడు పెద్ద చిక్కు వచ్చింది. మైనపు అచ్చు మీద పోత పోసే ఆ పనితనం పోర్చుగీసువాళ్లు నేర్పి ఉంటారని, ఈజిప్టు నుంచి వచ్చి ఉంటుందని బ్రిటిష్ మ్యూజియంవారు మొదట ఊహించారు. బెర్లిన్‌లో ఫాన్ లూషాన్ మాత్రం ఇటలీ శిల్పి చెల్లీనీ కూడా ఇంతకన్నా బాగా పోయలేడని మెచ్చుకుని, దొరికినన్ని కొనిపెట్టాడు. మెచ్చుకున్నవాడు కూడా తిరిగి ఇవ్వలేదన్నది గమనించాలి. జర్మనీ మొదటి విడత శిల్పాలను నైజీరియాకు అప్పగించింది 2022లో.

తుంగభద్ర:

ఇప్పటిదాకా ఎక్కువగా ఇంగ్లీషువాళ్ల గురించే మాట్లాడుకుంటున్నాం. ఫ్రెంచి వైపు చూస్తే ఒక చిత్రమైన కోణం కనిపిస్తుంది.

ఫ్రెంచి సైనికాధికారి మాంజాన్ 1910లో, ఆఫ్రికన్ సైనికులతో పెద్ద సేన కట్టాలని వాదిస్తూ, వాళ్ల నాడీవ్యవస్థ అంతగా ఎదగలేదు కనుక నొప్పినీ బడలికనూ ఎక్కువ ఓర్చుకుంటారని రాశాడు. నాలుగేళ్లకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పశ్చిమాఫ్రికా నుంచి వెళ్లిన సైనికులలో సుమారు 30 వేలమంది తిరిగి రాలేదు. ఒక అధికారి ఊహ ఎంత దూరం వెళ్తుందో చూడండి.

అయితే అదే ఫ్రెంచి కొలువులో నల్లజాతి అధికారులు కూడా ఉన్నారు. కరీబియన్ ప్రాంతానికి చెందిన రెనే మరాన్ ఊబాంగీ షారీలో (నేటి సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లో) పనిచేస్తూ, అక్కడి పల్లెల మీద రాసిన నవలకు 1921లో గొంకూర్ బహుమతి పొందారు. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి రచయిత ఆయనే. పుస్తకం ముందుమాటలో వలసపాలన చేసిన విధ్వంసాన్ని ఎండగట్టినందుకు గగ్గోలు పుట్టి, చివరికి ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఆయన చిన్ననాటి స్నేహితుడు, ఫ్రెంచి గయానాకు చెందిన ఫెలిక్స్ ఎబ్వే, అదే ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేసి, అక్కడి భాషలనూ సంగీతాన్నీ అధ్యయనం చేశారు, పత్తి సాగును విస్తరింపజేసే ప్రభుత్వ విధానాన్నీ అమలు చేశారు. 1940 ఆగస్టులో చాద్ గవర్నరుగా ఉండి, ఆఫ్రికాలోని ఫ్రెంచి గవర్నర్లలో, జర్మనీకి లొంగని డీగాల్ పక్షాన మొదట నిలిచినది ఆయనే. చర్మం రంగు ఒకటే అయినా కుర్చీ ఒకరిని బయటికి తోసింది, ఇంకొకరిని లోపలే ఉంచి కొంత మార్పుకు చోటిచ్చింది. కాబట్టి గోదారిగట్టు గారి ప్రశ్నకు నా జవాబు, చూసే కళ్లకన్నా కూర్చున్న కుర్చీకి బలం ఎక్కువ అని.

నల్లరేగడి:

తుంగభద్ర గారి మాటకు చిన్న చేర్పు. అధికారుల మధ్య తేడాలున్నచోట కూడా తగవు దేని గురించో చూడండి. జర్మన్ నైరుతి ఆఫ్రికాలో, నేటి నమీబియాలో, సేనాపతి ఫాన్ ట్రోథా 1904 అక్టోబరు 2న అక్కడి హెరేరో జాతివాళ్లను నిర్మూలించే ఉత్తర్వు జారీ చేశాడు. అక్కడి గవర్నర్ లాయిట్‌వైన్ నిర్మూలన వద్దన్నవాడే. కానీ ఆయన చెప్పిన కారణాలలో ముఖ్యమైనది, గొడ్లు పెంచడానికీ కూలిపనికీ హెరేరోలు కావాలన్నది. దయగలవాడికీ క్రూరుడికీ మధ్య గీత అక్కడ గీయవలసి వచ్చింది.

ఉప్పాడతీరం:

నేను వెనక్కి తగ్గుతున్నానని అనుకోవద్దు కానీ, కుర్చీ మీద కూర్చుని కూడా అడిగినవాడు ఒకడున్నాడు. 1903లో కాంగోలో బ్రిటిషు కాన్సల్‌గా ఉన్న రోజర్ కేస్‌మెంట్ నది మీద పై ప్రాంతాలకు వెళ్లి, రబ్బరు లెక్క తగ్గితే చేతులు నరికిన పల్లెలలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించుకున్నారు. మరుసటి ఏడాది అచ్చయిన నివేదికలో పై అధికారులు పేర్లన్నీ తీసేసినందుకు ఆయన కోపం పట్టలేకపోయారు. నిజం చెప్పాలన్న పట్టింపు లేదని లుగార్డ్ రాసిన మనుషుల సాక్ష్యమే బెల్జియం రాజు లియోపోల్డ్ చేతి నుంచి కాంగోను లాగేయడానికి పునాది అయింది. తరువాత ఐర్లండు విముక్తి కోసం నిలబడినందుకు ఇంగ్లండు 1916లో ఆయనను ఉరితీసిందన్నది వేరే కథ అనిపించదు నాకు.

సబోన్‌గారి:

ఈ వేదికలో చాలాకాలంగా చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. 1980ల మొదట్లో కానో నగరంలో నాలుగేళ్లు సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది ఉపాధ్యాయులుగా అక్కడికి వెళ్లారు. నేను పెట్టుకున్న పేరు నేనున్న పేట పేరే. హౌసాలో కొత్త ఊరు అని అర్థం. పాత నగరపు ప్రాకారాల బయట, దక్షిణాది నుంచి వచ్చే గుమాస్తాలనూ, రైల్వే ఉద్యోగులనూ, వర్తకులనూ ఎమీరు ప్రజలతో కలవకుండా ఉంచడానికి ఇంగ్లీషువాళ్లు ఏర్పరచినది. క్రైస్తవ మిషన్ల బడులను కూడా ఎమీర్ల ప్రాంతంలో చాలావరకు అడ్డుకున్నారు. ఉత్తరాదివాళ్ల సహజ స్వభావం చెడకూడదని వాళ్ల వాదన. ఫలితంగా స్వాతంత్ర్యం నాటికి ఇంగ్లీషు చదువులో ఉత్తరం బాగా వెనకబడి, ఉద్యోగాలన్నీ దక్షిణాదివాళ్ల చేతిలో ఉండి, ఆ కడుపుమంట 1966లో ఆ కొత్త ఊళ్లలోనే ఇగ్బోల ఊచకోతగా మారింది. నేను వెళ్లేనాటికి పదిహేనేళ్లు గడిచాయి. అయినా మా స్టాఫ్ రూములో ఇగ్బో సహోద్యోగి, హౌసా సహోద్యోగి ఒకరి గురించి ఒకరు నాతో విడివిడిగా చెప్పిన మాటలు గుర్తున్నాయి. లుగార్డ్ పుస్తకంలోని విశేషణాలు గోదారిగట్టు గారు ఇక్కడ ఉటంకించినప్పుడు, వాటిలో సగం నేను ఆ ఇద్దరి నోటా విన్నవేనని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మన ఉపాధ్యాయుల ఇళ్లలో పనివాళ్ల గురించి, విద్యార్థుల గురించి సాయంత్రాలు నడిచిన కబుర్లు కూడా వాటికి భిన్నంగా ఉండేవి కావు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ కాదని, నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వదళమని, వాళ్ల మనుమలు మన పక్కనే దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ ఉన్నారని తిరిగివచ్చాకే తెలిసింది నాకు.

వేదిక నిర్వాహకుడు:

చర్చ విషయం మీదనే సాగుతున్నందుకు సంతోషం. మన కలెక్టర్ల జిల్లా మాన్యువళ్ల గురించి వేరే శీర్షిక ఒకటి తెరవమని కొందరు వ్యక్తిగత సందేశాలు పంపారు. దానిని విడిగా మొదలుపెడదాం.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. మొదట నేను అడిగినది వాళ్లేమనుకున్నారని. ఇప్పుడు నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. బయటికి అచ్చు వేయించిన పుస్తకాలలో వాళ్లు రాసినదీ, తమలో తాము రాసుకున్న కాగితాలలో ఉన్నదీ ఒకటేనా? రెండోది చూసే వీలు మనకు ఉందా?

పాతకచేరీ:

కొంతవరకు ఉంది, అది కూడా న్యాయస్థానం పుణ్యాన. కెన్యాలో బ్రిటిషు పాలన మీద కికూయు జాతివాళ్లు చేసిన మౌ మౌ తిరుగుబాటు కాలంలో, 1954లో, ప్రభుత్వం కరోథర్స్ అనే మానసిక వైద్యుడి చేత ఒక నివేదిక రాయించింది. భూములు పోయిన కికూయుల కోపానికి కారణాలు భూముల్లో కంటే వాళ్ల మనస్తత్వంలో వెతికిన నివేదిక అది. దానిని అచ్చు వేసి పంచారు. నిర్బంధ శిబిరాలలో ఏం చేశారో చెప్పే ఫైళ్లను మాత్రం స్వాతంత్ర్యానికి ముందు లండనుకు తరలించి దాచారు. శిబిరాలలో హింసకు గురైన వృద్ధులు వేసిన దావాలో, 2011లో, ఆ ఫైళ్లు హాన్స్‌లోప్ పార్క్ అనే చోట ఉన్నాయని ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు. 2013లో 5,228 మందికి పరిహారం ఇవ్వడానికి అంగీకరించింది.

ఆ పెట్టెల్లో ఫైళ్లను ఎలా ఏరివేయాలో చెప్పే ఉత్తర్వులు కూడా దొరికాయి. కొత్త ప్రభుత్వానికి అప్పగించదగినవి ఒక దొంతర, చూపించకూడనివి ఇంకో దొంతర. రెండో దొంతరలో కొన్నిటిని కాల్చివేయాలి, కొన్నిటిని బరువైన పెట్టెల్లో పెట్టి సముద్రంలో పడేయాలి. ఆ కాగితాలను ముట్టుకోవడానికి అర్హత ఎవరికుందో కూడా అందులో రాశారు. బ్రిటిషు పౌరుడై, ఐరోపా సంతతికి చెందిన అధికారికి మాత్రమే.